టాబ్లెట్ తెర ఎంత ఉండవలె?

టాబ్లెట్ కొనబోవువారికి అంగడివాడు చెప్పు మొదటి సంఖ్య తెర పరిమాణము. ఏడంగుళములు, ఎనిమిది, పది, పండ్రెండు – ఇట్లు వరుసగా చెప్పుచు, అంగుళములతోపాటు ధరను కూడ పెంచుకొనుచు పోవును. ఈ సంఖ్యను విన్నవారిలో చాలమంది అది తెర పొడవనియో, వెడల్పనియో భావింతురు. అది రెండును కాదు. తెర ఒక మూలనుండి ఎదుటి మూలకు గీసిన కర్ణము అది. కర్ణము ఒక్కటే తెలిసినంత మాత్రమున దీర్ఘచతురస్రము తెలియదని పైథాగరస్ సిద్ధాంతము చదివిన విద్యార్థి సులభముగా గ్రహింపగలడు. భుజములు 8, 6 అంగుళములైన తెర కర్ణము 10. వైశాల్యము 48 చదరపు అంగుళములు. భుజములు 9.6, 2.8 అంగుళములుగా రిబ్బను వంటి తెర చేసినను దాని కర్ణము 10 అంగుళములే. వైశాల్యము మాత్రము 27కు లోపు. అంగడిలో రెండింటిని పదంగుళముల తెరలనియే పిలుతురు.

చిన్న తెరయా, పెద్ద తెరయా అను వాదము పదునైదేండ్లకు పైగా నడచుచున్నది. ఇరుపక్షములవారును అంగుళములనే లెక్కించిరి గాని, ఆ తెరపై ఏమి చదువుదుమో దానిని కొలిచినవారు తక్కువ. పాఠశాలకు సంబంధించినంతవరకు తెర మంచిచెడ్డలు దాని కర్ణమునుబట్టి గాక, దానిపై చూపు పుటనుబట్టి తేలునని నా అభిప్రాయము. ఈ కొలబద్దతో మూడు ఎంపికలను పరిశీలింతము.

మొదటిది ఆపిల్ సంస్థవారి ఐప్యాడ్. 2010 ఏప్రిల్‌లో అమ్మకమునకు వచ్చిన ఆ టాబ్లెట్ తెర కర్ణము 9.7 అంగుళములు. భుజములు 4:3 నిష్పత్తిలో, అనగా 7.76, 5.82 అంగుళములుగా ఉన్నవి. వైశాల్యము 45 చదరపు అంగుళములు. అదే సంవత్సరము అక్టోబరులో, ఏడంగుళముల టాబ్లెట్లను చేయ నారంభించిన ఇతర సంస్థలను ఉద్దేశించి స్టీవ్ జాబ్స్ ఒక ఆక్షేపణ చేసెను. ఏడంగుళముల తెర పదంగుళముల తెరలో పదింట ఏడువంతుల ప్రయోజనమిచ్చునని జనులు భ్రమపడుదురనియు, నిజమునకది వైశాల్యములో సగమునకు కూడ రాదనియు, దానిపై గురి తప్పక తాకవలెనన్న వ్రేళ్లను గరుకు కాగితముతో అరగదీసికొనవలసి వచ్చుననియు ఆయన పరిహసించెను.

లెక్క సరియైనదే. కర్ణము పదింట ఏడువంతులైనప్పుడు, ఆకృతి ఒకటే అయినచో, వైశాల్యము దాని వర్గము, అనగా నూటికి 49. ఆ తెరలు మరింత సన్ననివి కనుక ఇంకను తగ్గును. అయినను రెండేండ్లు గడచినంతనే, జాబ్స్ మరణానంతరము, 2012 అక్టోబరులో అదే సంస్థ 7.9 అంగుళముల ఐప్యాడ్ మినీని తెచ్చినది. ఇది మాట తప్పుట యని కొందరు ఎత్తిపొడిచిరి. నాకట్లు తోచదు. జాబ్స్ కంటిని, వ్రేలిని లెక్కించెను గాని చేతిని లెక్కింపలేదు. మొదటి ఐప్యాడ్ బరువు 680 గ్రాములు. మినీ బరువు 308 గ్రాములు. ఒక అంచున పట్టుకొని అరగంటసేపు చదువువాని మణికట్టుకు ఈ భేదము ఎట్టిదో భౌతికశాస్త్రోపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మినీలోని అసలు లోపము వేరొకటి. పెద్ద తెరపై నున్న 1024 × 768 పిక్సెళ్లనే, అనగా వెలుగుచుక్కలనే, చిన్న తెరలోనికి కుదించిరి. అందుచే ప్రతి అక్షరము, ప్రతి మీట, ప్రతి పటము 81 శాతమునకు చిక్కిపోయినవి. మరుసటి సంవత్సరము చుక్కల సంఖ్యను నాలుగింతలు చేసిరి. చుక్కలు పెరిగినచో అక్షరపు అంచు నునుపు దేరును; అక్షరము పెద్దది కాదు. ఈ రెండు విషయములను కలిపివేసి, ‘స్పష్టత ఎక్కువ గనుక తెర చిన్నదైనను ఫరవాలేదు’ అనుట ప్రకటనకర్తలకు అలవాటైనది.

ఇక మన దేశమునకు వత్తము. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కేంద్రప్రభుత్వము విద్యార్థులకొరకు ‘ఆకాశ్’ అను టాబ్లెట్‌ను విడుదల చేసినది. దాని కూర్పు మన హైదరాబాదులోనే జరిగినది. కర్ణము 7 అంగుళములు; పిక్సెళ్లు 800 × 480. భుజములు 6, 3.6 అంగుళములు; వైశాల్యము 21.6 చదరపు అంగుళములు, అనగా మొదటి ఐప్యాడ్‌లో సగమునకు తక్కువ. దాని తెర వ్రేలి ఒత్తిడికి పలుకునదే గాని తాకిడికి పలుకునది కాదని, వేగము చాలదని ఆనాడే చాల విమర్శలు వచ్చినవి. తెర పరిమాణమును గూర్చి మాత్రము ఎవరును అంతగా పట్టించుకొనలేదు. చౌక వస్తువునకు చిన్న తెర సహజమే యని సరిపెట్టుకొనిరి.

దానిని మన కొలబద్దతో కొలిచి చూడుడు. ఉపాధ్యాయులు నోట్సులకు, ప్రశ్నపత్రములకు వాడు ఏ-4 కాగితము వెడల్పు 8.27 అంగుళములు, పొడవు 11.69 అంగుళములు. దీనిని ఆకాశ్ తెరపై నిలువుగా ఇమిడ్చినచో పుట 44 శాతమునకు కుంచించుకొనిపోవును. పుటపై 12 పాయింట్ల అక్షరము తెరపై 5 పాయింట్లగును. అంతకంటె ముఖ్యము, ఆ అక్షరపు ఎత్తునకు దొరకునవి పది చుక్కలైనను ఉండవు.

ఇంగ్లీషు అక్షరమునకు పది చుక్కలు చాలును. అడ్డము అయిదు, నిలువు ఏడు చుక్కల గడిలో ఇంగ్లీషు పెద్దబడి అక్షరములన్నిటిని చదువదగినట్లు వ్రాయవచ్చును. రైల్వేస్టేషను బోర్డులపై అట్టివి చూచియే యుందుము. తెలుగున కట్లు కాదు. మన అక్షరము మూడంతస్తుల మేడ. నడుమ హల్లు, పైన తలకట్టో గుడియో, క్రింద వత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరములో గుడిదీర్ఘముతోపాటు రెండు వత్తులున్నవి. ద, ధలకు భేదము అడుగున నున్న చిన్న గీత; ధ, థలకు భేదము కడుపులోని చుక్క. పది చుక్కల ఎత్తును మూడంతస్తులకు పంచినచో ఈ గీతలు, చుక్కలు ఎచ్చట నిలుచును? ఒకే పరిమాణము గల తెర ఇంగ్లీషు చదువు బాలునికి చాలి, తెలుగు చదువు బాలునికి చాలకపోవుటకు కారణమిదియే. తెర పరిమాణమును సిఫారసు చేయు వ్యాసములు ఎక్కువగా ఇంగ్లీషు పాఠకులను దృష్టిలో నుంచుకొని వ్రాసినవే యని మనము మరువరాదు.

మూడవ ఎంపిక ఆంధ్రప్రదేశ్‌ది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు టాబ్లెట్ల పంపిణీని ఆరంభించినది. మొత్తము 5,18,740 టాబ్లెట్లు. బైజూస్ సంస్థ వీడియో పాఠములను ముందుగానే వానిలో ఎక్కించిరి. తెర కర్ణము 8.7 అంగుళములు, పిక్సెళ్లు 1340 × 800. భుజములు లెక్కగట్టిన సుమారు 7.5, 4.5 అంగుళములు, వైశాల్యము 33 చదరపు అంగుళములు. ఆకాశ్‌తో పోల్చిన ఒకటిన్నర రెట్లు. ఇది మంచి అడుగే.

కాని ఏ-4 పుటను ఈ తెరపై నిలువుగా ఇమిడ్చి చూచినచో ఒక వింత కనిపించును. పుట 54 శాతమునకు తగ్గును. ఐప్యాడ్ మినీపై పెట్టినను సరిగా అదే 54 శాతము. కర్ణములో ముప్పావు అంగుళమునకు పైగా తేడా యుండి, పుట విషయములో తేడా లేకపోవుటేమి? కారణము ఆకృతి. 8.7 అంగుళముల తెర సన్ననిది. పుట వెడల్పు దానికి అడ్డుపడును, పైన క్రింద తెర వ్యర్థముగా మిగులును. అంగడివాని అంగుళముల నమ్మి ఎక్కువ సొమ్ము పెట్టినవాడు ఇచ్చట ఒక్క అక్షరమంతైనను లాభము పొందడు.

54 శాతమనగా 12 పాయింట్ల అక్షరము ఆరున్నర పాయింట్లగుట. కాగితమును 40 సెంటీమీటర్ల దూరమున పట్టి చదువు విద్యార్థి, అదే కోణములో అక్షరము కనబడవలెనన్న ఈ తెరను 22 సెంటీమీటర్ల దగ్గరకు తెచ్చుకొనవలెను. స్పష్టదృష్టి కనిష్ఠదూరము 25 సెంటీమీటర్లని మన పదవ తరగతి పాఠమే చెప్పుచున్నది. దూరమును మీటర్లలో వ్రాసి వ్యుత్క్రమము తీసికొనినచో కంటి కటకము చూపవలసిన అదనపు సామర్థ్యము తెలియును: 40 సెంటీమీటర్లకు రెండున్నర డయాప్టర్లు, 22 సెంటీమీటర్లకు నాలుగున్నర డయాప్టర్లు. పిల్లల కటకము మృదువైనది గనుక అది సర్దుకొనును. అందుచేతనే పిల్లవాడు ఫిర్యాదు చేయడు, మనకు తెలియదు. ఎక్కువసేపు దగ్గరి చూపుతో పనిచేయుటకును హ్రస్వదృష్టికిని సంబంధమున్నదని పెక్కు పరిశోధనలు సూచించినవి. ఆ సంబంధము ఎంత గట్టిదను విషయములో అభిప్రాయభేదములున్నను, నలుబదియైదుమంది పిల్లల తరగతిలో కంటిని అకారణముగా శ్రమపెట్టుటకు అది సమర్థన కాజాలదు.

రెండు వ్రేళ్లతో పుటను పెద్దది చేసికొనవచ్చును గదా యని అడుగుదురు. చేసికొనవచ్చును. పుటను అసలు పరిమాణమునకు తెచ్చినచో ఈ తెరపై ఒకేసారి కనిపించునది అందులో మూడవవంతు. ప్రతి పంక్తికి కుడికి జరిపి, మరల ఎడమకు జరిపి చదువవలెను. పటము ఒకచోట, దాని వివరణ మరియొకచోట చిక్కుకొనును. విద్యుద్వలయపు పటమును చూచుచు లెక్క చేయు బాలునికి ఇది ఎంత విసుగో చేసి చూచినగాని తెలియదు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములలో ఇటీవల ఇంగ్లీషు పాఠమును, తెలుగు పాఠమును ఎదురెదురు పుటలలో ముద్రించుచున్నారు. పోల్చి చదువుటకు చేసిన ఈ చక్కని ఏర్పాటు, ఒక్క పుటయే పూర్తిగా పట్టని తెరపై పూర్తిగా వ్యర్థమగును.

అయితే ఈ 8.7 అంగుళముల తెర పనికిరానిదని తీర్పు చెప్పుట అన్యాయము. దానిని అడ్డముగా త్రిప్పి పట్టుడు. పుట వెడల్పు 90 శాతము వరకు నిండును. 12 పాయింట్ల అక్షరము దాదాపు 11 పాయింట్లుగా కనబడును. ఐప్యాడ్ మినీని అడ్డముగా త్రిప్పినను 9 పాయింట్లకు మించి రాదు. నిలువుగా నున్నప్పుడు శాపమైన సన్నదనము ఇక్కడ వరమైనది. పుటలో అయిదింట రెండువంతులే ఒకేసారి కనబడును గాని, పైకి జరుపుచు చదువుట పక్కకు జరుపుచు చదువుటకంటె ఎంతో మేలు. మూరెడు పొడవు, రెండు మూడు వ్రేళ్ల వెడల్పు గల తాటియాకులపై శతాబ్దములు చదివిన జాతికి అడ్డపు పుట క్రొత్త కాదు. ఉపాధ్యాయులు విద్యార్థులచేత చేయింపదగిన పని యిది: స్కేలుతో పాఠ్యపుస్తకపు పుటను, టాబ్లెట్ తెరను కొలిచి, నిలువుగా ఎంత శాతము, అడ్డముగా ఎంత శాతము అని లెక్క కట్టించుడు. నిష్పత్తులపై ఇంతకంటె మంచి అభ్యాసము దొరకదు.

వీడియో విషయమైతే ఈ తెర మరింత మెరుగు. వీడియో చిత్రము సాధారణముగా 16:9 నిష్పత్తిలో ఉండును. 9.7 అంగుళముల ఐప్యాడ్‌పై ఆ చిత్రము 34 చదరపు అంగుళములు ఆక్రమించును, పైన క్రింద నల్లని పట్టీలు మిగులును. 8.7 అంగుళముల తెరపై అదే చిత్రము 31 చదరపు అంగుళములు. తేడా స్వల్పము; బరువు మాత్రము సుమారు 370 గ్రాములే. పాఠమును చూచుటకు ఇది తగిన వస్తువు. పాఠమును చదువుటకు కాదు. చూచుటయే చదువు అను భావము ఈ ఎంపికలో తెలిసియో తెలియకయో ఇమిడి యున్నది. నా ఆక్షేపణ దానిపైననే.

అట్లైన అందరికిని 12.9 అంగుళముల తెర ఇప్పింపవలెనా? 2015లో వచ్చిన ఆ ఐప్యాడ్ ప్రోపై ఏ-4 పుట 88 శాతము నిండును, అక్షరము పదిన్నర పాయింట్లు. బరువు 713 గ్రాములు. ధర ప్రభుత్వ పాఠశాలకు అందునది కాదు. పుస్తకముల సంచికి అది తోడైనచో పిల్లవాని వీపును గూర్చి మరియొక వ్యాసము వ్రాయవలసి వచ్చును.

నిజమునకు తెరను పుటకు సరిపోవునట్లు పెంచుటకంటె, పుటను తెరకు సరిపోవునట్లు మార్చుట సులభము. పాఠ్యపుస్తకములను మనము పీడీఎఫ్ రూపములో ఇచ్చుచున్నాము. అది కాగితమునకు తీసిన ఛాయాచిత్రము వంటిది. పంక్తి ఎచ్చట విరుగునో ముందే నిర్ణయమై యుండును. ఈపబ్ అను రూపములో నున్న పుస్తకమున అక్షరమును పెంచినచో పంక్తులు తమంతట తామే సర్దుకొనును, 8.7 అంగుళముల తెరపై 12 పాయింట్ల అక్షరములతో నిలువుగానే హాయిగా చదువవచ్చును. 2011లో వెలువడిన ఈపబ్ మూడవ ప్రమాణములో గణిత సమీకరణములకు కూడ చోటున్నది. తెలుగులో ఇది జరుగకుండుటకు ఒక కారణము మన ముద్రణాలయముల అలవాటు. యూనికోడ్ ప్రమాణములో 1991 నుండియే తెలుగునకు స్థానమున్నను, మన పుస్తకములు చాలకాలము యూనికోడ్ గాని ఖతులలో కూర్చబడినవి. అట్టి పీడీఎఫ్ నుండి ఒక పేరాను నకలు తీసినచో తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు గుర్తులు వచ్చును. దానిని పంక్తులు సర్దుకొను పుస్తకముగా మార్చవలెనన్న ముందు అక్షరములన్నిటిని యూనికోడ్‌లోనికి మార్చి, వత్తులు తప్పిపోకుండ తెలుగు వచ్చినవారు కూర్చుండి సరిచూడవలెను. ఎనిమిదవ తరగతి భౌతికశాస్త్ర పుస్తకము ఒక్కదానితో ఈ పని మొదలుపెట్టవచ్చును.