తిరిగి వచ్చు దారి చివరనా?

విద్యార్థుల మార్కులు, ఆసుపత్రి రికార్డులు, కొట్టు లెక్కలు దాచి, అడిగినపుడు తీసి యిచ్చు యంత్రాంగమే డేటాబేస్ సర్వరు. అందులో పేరుపొందిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు నిర్మాతలే ఒక కరదీపికను ఉచితముగా అందించుచున్నారు. పాత వెర్షను నుండి కొత్తదానికి మారుటను గూర్చి అది చెప్పిన తీరును పరిశీలింతము.

మొదట గుణములు. ఏటేటా ఒక పెద్ద వెర్షను వచ్చును. దానికి సుమారు 5 సంవత్సరములు మాత్రమే మరమ్మతులు లభించును. కనుక మార్పు తప్పదు. మారుటకు మూడు మార్గములను గ్రంథము చక్కగా వేరుచేసినది: సమాచారమంతయు దించి కొత్త సర్వరులో ఎక్కించుట, పీజీ అప్‌గ్రేడ్ అను సాధనముతో ఫైళ్ళనే తరలించుట, రెండు సర్వర్లను జతగా నడుపుచు రికార్డులను పంపుట. దేనిని మార్చకయే ముందుగా పరీక్షించు 'చెక్' సదుపాయమును గూడ తెలిపినది.

దోషమంతయు వరుసలో నున్నది. పీజీ అప్‌గ్రేడ్ అధ్యాయమున పాత నిధిని తొలగించు మెట్టు ముందు వచ్చును. పాతదానికి మరలు మెట్టు అన్నిటికంటె చివర వచ్చును. మెట్టు మెట్టుగా చదువుచు పనిచేయువాడు, వంతెనను కూల్చిన పిమ్మట గదా వంతెన సంగతి తెలిసికొనును!

ఇది చిన్న విషయము కాదు. 'లింకు' పద్ధతిలో ఫైళ్ళకు నకళ్ళు తీయరు; ఒకే ఫైలుకు రెండవ పేరు పెట్టుదురు. కాలము ఎంతో కలిసివచ్చును. కాని కొత్త సర్వరు ఒక్కసారి నడిచెనా, ఆ ఫైళ్ళలో వ్రాయును; ఇక పాతదానిని నడుపుట క్షేమము కాదు. బ్యాకప్పే దిక్కు. గ్రంథము ఈ సత్యమును దాచలేదు, వివరమును మాత్రము చివర చెప్పినది.

నకలు పద్ధతిలో పాత నిధి చెక్కుచెదరదు, మరల నడుపవచ్చునని గ్రంథము చెప్పును. నిజమే. అయితే కొత్త సర్వరు తెరచిన ఉదయము ఒక విద్యార్థి పరీక్ష రుసుము చెల్లించెననుకొనుడు. సాయంత్రము పాతదానికి మరలినచో ఆ చెల్లింపు అందులో కనబడదు. ఎంతసేపటి వరకు వెనుకకు రావచ్చునో, నడుమ చేరిన రికార్డులేమగునో ముందే నిర్ణయించుకొనవలెను.

కావున ఈ అధ్యాయమును తుది మెట్టునుండి చదువుట మేలు. బ్యాకప్పును వేరొక యంత్రముపై నిజముగా తెరచి, దానికెంత కాలము పట్టునో గడియారము చూచి వ్రాసికొని, ఆ పిదపనే తేదీ నిర్ణయింపవలెను. నిర్మాతలు ఆ తుది మెట్టును మొదటికి తెచ్చినచో గ్రంథము నిర్దుష్టమగును.