కేరవాన్ కడుపులో మూడు ట్యాంకులు

శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఏ ఫామ్‌హౌసులోనైనా షూటింగ్ ఉందంటే తెల్లవారేసరికల్లా అక్కడ కేరవాన్లు వరుసగా ఆగి ఉంటాయి. చూడ్డానికొచ్చిన జనం కళ్లన్నీ తలుపు మీదే ఉంటాయి, ఎప్పుడు తెరుచుకుంటుందా, ఎవరు దిగుతారా అని. నా కళ్లు మాత్రం చక్రాల మధ్యకి పోతాయి. లోపలి సోఫా, అద్దం చుట్టూ బల్బులు, ఏసీ ఎవరైనా డబ్బు పెట్టి బిగించుకోవచ్చు. అసలు పనితనం ఛాసిస్ కింద ఉంది. ఊరికి వాటర్ బోర్డూ మురుగు లైనూ కలిసి చేసే పనంతా అక్కడ మూడు ట్యాంకులు చేస్తాయి. వాటిని చూసుకునేది డ్రైవరు, ఒక క్లీనరు, అంతే.

రాజీవ్ రహదారికీ మేడ్చల్ హైవేకీ మధ్య ఉన్న దేవరయాంజాల్ లాంటి చోట ఈ పని ఇంకాస్త కష్టం. ఈ వైపు నేల గ్రానైటు. చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ట్యాంకర్ తెప్పించినా అవి ఏ బోరువో చూసుకోవాలి. ఇక మురుగు వదలడానికి ప్రతిచోటా లైను దొరకదు, సెప్టిక్ ట్యాంకులే దిక్కు. వచ్చే నీళ్లనూ పోయే నీళ్లనూ రెండిటినీ బండే చూసుకోవాలి.

మొదటిది మంచినీళ్ల ట్యాంకు. 300 లీటర్లు పోస్తే 300 కిలోలు. బ్రేకు వేసినప్పుడు ఆ బరువంతా ఒక్కసారిగా ముందుకు ఎగబడుతుంది. అందుకే బాగా చేసిన ట్యాంకు లోపల అడ్డంగా చిల్లుల పలకలు ఉంటాయి. నీళ్లు వాటిని దాటుకుని నెమ్మదిగా కదులుతాయి. ఆ పలకల అడుగు మూలల్ని చూస్తే చేసినవాడి బుర్ర తెలుస్తుంది. అక్కడ చిన్న కోత ఉంటేనే డ్రైన్ కాక్ తిప్పినప్పుడు ఆఖరి చెంబుడు నీళ్లు కూడా బయటికొస్తాయి. లేకపోతే ప్రతి అరలోనూ కాస్త నిలిచిపోయి పాచి కడుతుంది. పైన మూత కూడా ఒకటి చాలదు, ప్రతి అరలోకీ చెయ్యి దూరేలా ఉండాలి.

ట్యాంకు నుంచి నల్లాకి నీళ్లు తెచ్చేది 12 వోల్టుల చిన్న మోటారు. దాని ముందు జాలీ, దాని తలలో ప్రెషర్ స్విచ్. నల్లా తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి మోటారు తిరుగుతుంది, కట్టేస్తే ఒత్తిడి పెరిగి ఆగిపోతుంది. అన్నీ కట్టేసి ఉన్నా అది అప్పుడప్పుడూ టుక్కుమంటోందంటే ఎక్కడో వాషరు కారుతోంది, లేదా మోటారు వాల్వే ఒత్తిడి నిలపలేకపోతోంది. పనివాళ్లు ఆ చప్పుడునే పట్టుకుంటారు.

శుభ్రం చేయడంలో వరసే ముఖ్యం. ముందు గోడలకు పట్టిన సున్నం వదలాలి. దాని గరుకు పొరల్లోనే పాచి దాక్కుంటుంది, పైన ఎంత మందు పోసినా దానికి అందదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి కొన్ని గంటలు ఉంచితే సున్నం కరిగిపోతుంది. వాటిని పూర్తిగా వదిలి, మంచినీళ్లతో కడిగి, అప్పుడే క్లోరిన్ జోలికి వెళ్లాలి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బాత్రూం యాసిడ్ సీసానీ బ్లీచ్ సీసానీ ఒకే అరలో పెట్టని క్లీనరంటే నాకు గౌరవం.

క్లోరిన్ లెక్క తేలికే. 5 శాతం హైపోక్లోరైట్ ద్రవం వంద లీటర్లకు 100 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే లీటరుకు 50 మిల్లీగ్రాములు అవుతుంది. మన తాగునీటి ప్రమాణం నల్లా నీళ్లలో కనీసం ఉండాలని చెప్పేది లీటరుకు 0.2 మిల్లీగ్రాములే. అంటే ఇది తాగే మోతాదు కాదు, కడిగే మోతాదు. ముందుగా ఫిల్టర్ క్యాండిల్ తీసి పక్కన పెట్టాలి. కార్బన్ ఫిల్టరైతే క్లోరినంతా తనే మింగేస్తుంది. గీజర్ స్విచ్ ఆపాలి. తర్వాత నల్లాలు ఒక్కొక్కటే తిప్పి, వాసన తగిలేదాకా ఆగి, కట్టేయాలి. సింకూ షవరూ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేది హెల్త్ ఫాసెట్టూ ఫ్లష్ పైపూ. ఆ రెండు పైపుల్లో పాత నీళ్లు మిగిలితే పనంతా సగమే. నాలుగు గంటలు నిలిపి, వదిలి, వాసన పోయేదాకా కడుగుతారు. పొడి బ్లీచింగ్ వాడేవాళ్లు బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పోస్తారు. తేర్చకుండా పోస్తే ఆ సున్నపు మడ్డి జాలీలోకి చేరుతుంది.

రెండో ట్యాంకు సింకు, షవరు నీళ్లది. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, నిజానికి ఎక్కువ కంపు కొట్టేదీ ఇదే. మేకప్ తీసే నూనె, సబ్బు, టిఫిన్ గిన్నెల జిడ్డు గోడలకు అట్ట కడతాయి. దీనికి ఒక ముచ్చటైన ఉపాయం ఉంది. ట్యాంకు ఖాళీ చేశాక ఓ ఇరవై లీటర్ల వేడినీళ్లు, గిన్నెల సబ్బు పోసి, అలాగే తర్వాతి లొకేషన్‌కి బండి నడుపుతారు. మంచినీళ్ల ట్యాంకులో పలకలు పెట్టి అణచిన కుదుపే ఇక్కడ గోడలు తోమిపెడుతుంది. ఆపి వదిలితే జిడ్డు తెల్లటి నురగలా దిగుతుంది.

ఇక మూడోది లెట్రిన్ ట్యాంకు. దీని సూత్రం ఒక్కటే: మనిషి చెయ్యి తగలకూడదు, పనంతా నీళ్లే చేయాలి. అడుగు ఒకవైపుకి వాలుగా ఉంటుంది. వాలు చివర వెడల్పాటి పైపు, దానికి పలకలా జారే వాల్వు. కప్పు దాకా పోయే గాలి గొట్టం వాసనను పైకి తీసుకుపోతుంది. వాల్వు తెరిచి వదిలేస్తే పని తేలికని కొత్తవాళ్లు అనుకుంటారు. అప్పుడు నీళ్లన్నీ జారిపోయి గట్టిది మాత్రం కుప్పగా ఎండుతుంది, దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. అందుకే వాల్వు మూసే ఉంచాలి. మొదటి రోజే అడుగు మునిగేలా పది లీటర్లు పోసి మొదలుపెట్టాలి. మూడింట రెండు వంతులు నిండాకే వదలాలి. ఆ పాటి నీళ్లుంటే గాని ఒక్క ఉరుకులో అన్నిటినీ ఈడ్చుకుపోవు.

వదిలేటప్పుడు ముందు ఈ ట్యాంకు, తర్వాత సబ్బునీళ్లది. ఆ సబ్బునీళ్లు లెట్రిన్ ట్యాంకు గొట్టాన్ని కడుగుతూ పోతాయి. తెలిసిన డ్రైవరు బండి నిలపడంలోనే సగం పని చేస్తాడు. వాల్వు ఉన్న మూల పల్లానికి వచ్చేలా చూసి, అవసరమైతే ఎదుటి చక్రం కింద చెక్క వేస్తాడు. లెవెల్ చూపే మీటరును అంతగా నమ్మడు. గోడకున్న సెన్సారుకి కాగితం ముక్క అంటుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే చూపిస్తుంది.

ఎక్కడ వదలాలన్నది పెద్ద ప్రశ్న. చీకట్లో రోడ్డుపక్కన వాల్వు తిప్పేసి పోయేవాణ్ణి పనివాడని నేను అనను. ఎవరి ఇంటి సెప్టిక్ ట్యాంకులోనైనా ఒక్కసారిగా కుమ్మరిస్తే అడుగున దిగిన మడ్డి కదిలి సోక్‌పిట్‌లోకి పోతుంది. వాసనకని ఫార్మాలిన్ మందు వేసి ఉంటే అక్కడ జీర్ణం చేసే సూక్ష్మజీవులే చస్తాయి. సెప్టిక్ ట్యాంక్ బండిని పిలిచి, గొట్టంతో లాగించి, శుద్ధి కేంద్రానికి పంపడమే సరైన దారి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మలంలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. బాగా చేసిన ట్యాంకుకైతే ఆ అవసరమే రాదు.

మేడ్చల్ స్టేషన్ మీదుగా పోయే రైళ్ల బోగీల కింద ఎక్కడ వదలాలన్న ప్రశ్నకు వేరే జవాబు ఉంటుంది. డీఆర్‌డీవోతో కలిసి రైల్వే రూపొందించిన బయో టాయిలెట్‌లో గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు ట్యాంకులోనే మలాన్ని నీరుగా, వాయువుగా మార్చేస్తాయి. ఆ నీటికి క్లోరిన్ తగిలించి బయటికి వదులుతారు. గుట్కా ప్యాకెట్లూ ప్లాస్టిక్ సీసాలూ ఈ టాయిలెట్‌కి బద్ధశత్రువులు. కేరవాన్‌కి ఇది అంతగా నప్పదని నాకనిపిస్తుంది. రోజూ తిరిగే రైల్లో సూక్ష్మజీవులకు మేత అందుతూనే ఉంటుంది. షూటింగ్ లేక నెలల తరబడి షెడ్డులో నిలిచే బండిలో వాటికి ఏం దొరుకుతుంది?

మళ్లీ కేరవాన్ దగ్గరికి వస్తే, లెట్రిన్ ట్యాంకు వాల్వు పలక చుట్టూ ఉన్న రబ్బరుకి సిలికాన్ గ్రీజు రాయాలి. పెట్రోలియం గ్రీజు పూస్తే చాలా రకాల రబ్బర్లు ఉబ్బి పలక బిగుసుకుపోతుంది. సింకు కిందా షవరు కిందా వంపు పైపుల్లో వాసన ఆపే నీళ్లు ఉంటాయి. గతుకుల రోడ్డు మీద అవి తొణికి పోతాయి, ఎండాకాలం షెడ్డులో ఆరిపోతాయి. బండి కదిలే ముందు ఒక్కో చెంబు పోస్తే సరి. చివరగా వాల్వు మూసి, బయటి మూత బిగించి, లెట్రిన్ ట్యాంకులో మళ్లీ పది లీటర్లు పోస్తారు. తర్వాత బండి ఏ లొకేషన్‌కి పోయినా మొదటి మనిషి ఎక్కేసరికి అడుగున నీళ్లు సిద్ధంగా ఉంటాయి.