మచ్చ మోయువారు, మెచ్చువారు

ఈ వారము హైదరాబాదు చెంతగల జల్‌పల్లిలో వార్తాపత్రిక మడతలోనుండి జారిపడిన యొక సౌందర్యచికిత్సాలయపు కరపత్రము నా మనసును నొప్పించినది. పెండ్లి కుదిరిన కన్యలకు పుట్టుమచ్చ తీయుట, మంగు మాన్పుట, లేజరుతో మొటిమల గుంటలు పూడ్చుట, బొటాక్సు సూదితో నొసటి ముడుతలు చదును చేయుట, వీనికన్నిటికిని కలిపి తగ్గింపు ధర ప్రకటించిరి. దిష్టి తగులకుండ వధువు బుగ్గపై కాటుకచుక్క పెట్టి, లేని మచ్చను తామే కల్పించి మురియు జనులకు ఈ నునుపుపై వ్యామోహమేలయని, పాఠకులెరిగిన నా పాతవాదమునే మరల వ్రాయ సంకల్పించితిని.

అంతలో మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. బాల్యమున సోకిన స్ఫోటకము ఆమె చెంపలనిండ గుంటలు మిగిల్చినది. ఇంటివారమెవ్వరమును వానిని లెక్కింపలేదు; ఆమె పాడు మంగళహారతులను, అరచేతితో తాకి పసిబిడ్డ జ్వరమును కనిపెట్టు నేర్పును మాత్రమే యెరుగుదుము. అయినను పెండ్లిండ్లలో ఫొటో తీయువాడు రాగానే ఆమె కొంగును చెంపవరకు లాగుకొని వెనుక వరుసలోనికి తప్పుకొనెడిది. అద్దము ముందు పసుపు రాచుకొనునపుడు గుంటలపై వ్రేళ్లు నిలిపి మరికొంత అద్దుకొనెడిది. మెచ్చినవారము మేము, మోసినది ఆమె. మన దేశమున ఆ రోగము 1975తో అంతరించెను గాని, పరుల చూపునకు జంకు ముఖములు అంతరింపలేదు.

ముఖమును సరిదిద్దు ఈ చికిత్సావిద్య విలాసమునకై పుట్టినది కాదు. తెగిన ముక్కును చర్మముతో మలచి యతుకు విధానము సుశ్రుతసంహితలో గలదు. పూనాలో నుదుటి చర్మముతో జరిగిన అట్టి చికిత్సను 1794లో లండనునందలి జెంటిల్మన్స్ మేగజైన్ వర్ణింపగా, 1814లో కార్ప్యూ అను శస్త్రవైద్యుడు దానిని ఆ నగరముననే చేసి చూపెను. ముక్కు తెగి అవమానితుడైనవాడు మరల నలుగురిలో తలయెత్తుకొని తిరుగుటకై వెలసిన విద్య యిది. కావున మచ్చ చిన్నదో పెద్దదో నిర్ణయించు అధికారము దానిని మోయువారిదే గాని చూచువారిది కాదు.

అట్లని ఈ చికిత్సను ఆపదలేని అలంకారమని భ్రమింపరాదు. 2024 ఫిబ్రవరిలో ఈ హైదరాబాదుననే, పెండ్లి నిశ్చయమైన యువకుడొకడు చిరునవ్వును తీర్చిదిద్దించుకొన దంతవైద్యాలయమునకు పోయి ప్రాణములు కోల్పోయెను.

తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. బిడ్డ తనంత తాను కోరినచో, అర్హతగల చర్మవైద్యునో ప్లాస్టిక్ సర్జనునో వెదకి, మత్తుమందు ఇచ్చువారెవరో విచారించి, తోడుగా పొండు. పెండ్లివారు కోరినచో ఆ సంబంధమునే మానుకొనుడు.