గోడమీద మన కుట్టు

నాగార్జునకొండ మ్యూజియంలో సున్నపురాతి ఫలకాలు చూసినవాళ్లకు తెలుసు, 1700 ఏళ్ల కింద ఈ నందికొండ లోయలో గోడంటే కథ. మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి పేరు శాసనంలో ఇప్పటికీ ఉంది. సాగర్ కింద లోయ మునిగింది గానీ ఆ పేరు మునగలేదు.

మరి ఇప్పటి గోడల మీద మనం ఎట్లా ఉన్నాం? ఆఫీసు గోడైనా, బస్టాండు గోడైనా లంబాడీ బొమ్మంటే నెత్తిన కుండ, చేతులు కలిపిన ఆట. ముఖాలన్నీ ఒకటే. అద్దాలుండాల్సిన చోట తెల్లరంగు చుక్కలు. అందులో మన వేషం ఉంది, మన చేతిపని లేదు. ఫోటో అచ్చేసిన టైల్స్ అతికించినా అంతే.

కాల్చిన మట్టితో గోడచిత్రం చేయడానికి ఇంకో దారి ఉంది. లక్నోలోని రవీంద్రాలయం గోడకు 1963లో కె.జి. సుబ్రహ్మణ్యన్ చేసిన టెర్రకోట చిత్రం 81 అడుగుల పొడవు. ఠాగూర్ నాటకం దాని వస్తువు. చిన్నచిన్న మట్టిపలకలు పక్కపక్కన చేరి అందులో మనుషులవుతాయి. అతుకులు దాచలేదు. ఆ అతుకులే బొమ్మకు నడకనిచ్చాయి.

మన యాడీలకు ఇది కొత్త విద్య కాదు. ఫేటియా మీద, కాంచళి మీద వాళ్లు చేసేదీ ఇదే. త్రికోణం, చతురస్రం, గవ్వ, అద్దం ముక్కముక్కగా చేర్చి నిండు బట్ట చేస్తారు. మట్టికీ ఈ పద్ధతే నప్పుతుంది. ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. మందపాటి ముద్ద బట్టీలో పగులుతుంది. అందుకే పెద్ద గోడను చిన్న ముక్కలతోనే నింపాలి. మెరుగు పూసిన ముక్క ఎండకు అద్దంలా మెరుస్తుంది, పూయనిది ఎర్రబట్టలా నిలుస్తుంది.

మట్టిపని కుమ్మరిది, మనది కాదు కదా అని కొందరంటారు. నిజమే. కుమ్మరి చేయి, యాడి కొలత కలిస్తేనే ఆ గోడ మనదవుతుంది. యాడిని పిలవకుండా ఆమె కుట్టును చూసి దించుకుంటే అది మళ్లీ తెల్లచుక్కల బొమ్మే.

ఉపాధ్యాయులకు ఒక మాట. బడిగోడకు బొమ్మ చేయించే ముందు తండాకు పోయి అడగండి. ఆట ఒక్కటే కాదు, ఎడ్లమీద ఉప్పు, ధాన్యం మోసిన లదేణి కథ కూడా అక్కడుంది. పని చేసిన ఆడవాళ్ల పేర్లు మట్టి పచ్చిగా ఉన్నప్పుడే పిల్లలతో రాయించండి. బట్టీలో కాలాక ఆ పేర్లను ఏ సున్నమూ చెరపలేదు.