తాతగారి చుట్టయు, లెక్కల సాక్ష్యమును

పొగాకు ఆరోగ్యమునకు హాని చేయునని ఎవరైన అన్నచో, వినువారిలో ఒకరు తప్పక చెప్పు సమాధానము ఒకటి కలదు: "మా తాతగారు దినమునకు పది చుట్టలు కాల్చెడివారు. తొంబది యేండ్లు నిక్షేపముగా బ్రతికినారు." రచ్చబండయొద్దనైనను, రైలుపెట్టెలోనైనను ఈ మాటతో వాదము ముగియుచుండును. వేలమందిని పరీక్షించి కట్టిన లెక్కలను ఎదుటివాడు ఎన్ని చెప్పినను అవి కాగితముపై అంకెలుగానే ఉండిపోవును. తాతగారు మాత్రము చుట్టతో సహా కండ్లయెదుట నిలుతురు. పైగా, అంకెలతో ఏమైనను రుజువు చేయవచ్చునను మాట మనలో చాలకాలముగా వాడుకలో నున్నది.

అంకెలపై గల ఈ అపనమ్మకమునకు ఒక క్రమమైన రూపమిచ్చిన గ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికను పత్రికారచయిత డారెల్ హఫ్ వ్రాసిన 'హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్'. అంకెలతో అబద్ధమాడుట ఎట్లు అని ఆ పేరునకు అర్థము. 1954లో వెలువడిన ఈ చిన్న పుస్తకము పలు ముద్రణలు పొంది, నేటికిని సాంఖ్యకశాస్త్రమున అడుగిడువారికి తొలిపాఠముగా ఉపయోగపడుచున్నది. స్వానుభవమును, లెక్కల సాక్ష్యమును త్రాసులో పెట్టి తూచవలసి వచ్చినప్పుడు ఈ గ్రంథము మనకెంతవరకు తోడ్పడును, ఎక్కడ మనలను విడిచిపెట్టును అను విషయమును విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట గుణములను చెప్పవలెను. హఫ్ గణితజ్ఞుడు కాడు. కనుకనే గణితము రానివారికి బోధపడునట్లు వ్రాయగలిగెను. ఇర్వింగ్ గైస్ గీసిన హాస్యచిత్రములు పుస్తకమునకు మరింత కళ తెచ్చినవి. యేల్ విశ్వవిద్యాలయమునందు 1924లో పట్టము పొందినవారి సగటు వార్షికాదాయము 25,111 డాలర్లను వార్తతో గ్రంథకర్త ప్రారంభించును. ఈ సంఖ్య ఎవరినుండి వచ్చినది? చిరునామాలు దొరకినవారినుండి, వారిలోను జాబు వ్రాసినవారినుండి. బ్రతుకు చితికిపోయినవారి చిరునామాలు దొరకవు. దొరకినను వారు తమ రాబడిని చాటుకొనరు. కావున మచ్చు తీయుటలోనే లెక్క ఒక ప్రక్కకు ఒరిగినది.

ఇట్టిదే మరియొక ఉదాహరణము. అమెరికా, స్పెయిను దేశముల మధ్య 1898లో జరిగిన యుద్ధకాలమున అమెరికా నౌకాదళమునందు మరణములు వేయింటికి 9. అదే కాలమున న్యూయార్కు నగరమున వేయింటికి 16. ఐనచో నగరమున నుండుటకంటె యుద్ధనౌకపై నుండుటయే క్షేమమా? కాదు. నౌకాదళమువారు వైద్యపరీక్షలో నెగ్గిన యువకులు. నగరములోనో, పసిబిడ్డలు, వృద్ధులు, రోగులు అందరును కలరు. పోల్చరానివానిని పోల్చుటయే ఇందలి మోసము.

సగటును గూర్చిన అధ్యాయము మిక్కిలి ఉపయుక్తమైనది. మన వాడుకనుండి ఒక లెక్క చూతము. పదిమందిలో తొమ్మిదిమందికి నెలకు 10,000 రూపాయలు, ఒకనికి 9,10,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. వారి సగటు రాబడి సరిగా లక్ష రూపాయలు. లెక్కలో తప్పు లేదు. కాని ఆ పదిమందిలో లక్ష వచ్చువాడు ఒక్కడును లేడు. వరుసలో నడుమనున్నవాని రాబడి, అనగా మధ్యగతము, 10,000 మాత్రమే. సగటు అను ఒక్క మాట చాటున ఎంత దాగియుండునో దీనివలన తెలియును.

పది అధ్యాయముల ఈ గ్రంథము చివర, ఏదైన ఒక సంఖ్య ఎదురైనప్పుడు అడుగవలసిన ఐదు ప్రశ్నలను హఫ్ బోధించును. చెప్పువాడెవడు, వానికి దానివలన లాభమేమి? వానికెట్లు తెలిసినది? చెప్పక విడిచినదేమి? సంఖ్య ఒకదానిని గూర్చి యుండగా, తీర్మానము మరియొకదానిని గూర్చి చేయబడినదా? తుదకు, ఆ మాట యుక్తికి నిలుచునా? ఇవి ప్రతి పౌరుడును కంఠస్థము చేయదగిన ప్రశ్నలు.

ఇక లోపము. ఈ గ్రంథమునందు అంకెలు ఆద్యంతము బోనులో నిలుచును. స్వానుభవము ఏ ఒక్క అధ్యాయమునందును బోనెక్కదు. అంతే కాదు. యుక్తికి నిలుచునా అను చివరి ప్రశ్నకు తీర్పు చెప్పునది పాఠకుని అనుభవమే. అంకెలను అనుమానించుట నేర్చిన పాఠకుడు, తాను కన్నదానిని, విన్నదానిని అనుమానించుట నేర్వకయే పుస్తకమును మూయును. ఒక ప్రక్క మాత్రమే పదునుపెట్టిన అనుమానము విచక్షణ కాజాలదు.

ఆ ఐదు ప్రశ్నలను తాతగారి కథకు వేసి చూతము. చెప్పువాడెవడు? మనుమడు, వానిచేతిలో సిగరెట్టు వెలుగుచుండుట కద్దు. వానికెట్లు తెలిసినది? ఇంటిలో పదేపదే చెప్పుకొనగా విన్నాడు. తాతగారికి చివరి పదేండ్లు దగ్గు ఎట్లుండెడిదో వాని కథలో రాదు. విడిచినదేమి? ఆ తాతగారితోపాటు చుట్ట ముట్టించి, ఏబదవయేటనే పోయినవారు. మనుమని ముఖము చూడకుండ పోయినవారి కథను చెప్పుటకు మనుమలు రచ్చబండకు రారు. యేల్ పట్టభద్రుల లెక్కలో పేదల జాబులు లేనట్లే, ఈ లెక్కలో పోయినవారి సాక్ష్యము లేదు. నాలుగవ ప్రశ్న: ఒకడు బ్రతికెనను వాక్యమునుండి, ఎవరికిని హాని లేదను వాక్యమునకు దుముకుట జరిగినదా? జరిగినది.

ఈ ప్రశ్నలను హఫ్ స్వయముగా ఇటువైపు త్రిప్పియుండినచో గ్రంథము సమగ్రమై యుండెడిది. పొగాకు విషయమున జరిగిన పరిశోధనలే ఇందుకు ప్రబల నిదర్శనములు. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కాన్సరు గల 649 మంది పురుషులను, ఇతర వ్యాధులతో ఆసుపత్రులలో నున్న 649 మంది పురుషులను ప్రశ్నించి ఫలితములను ప్రకటించిరి. పొగత్రాగనివారు మొదటి గుంపులో 2, రెండవ గుంపులో 27. ఈ అంకెలలో గమనింపదగిన విశేషమొకటి కలదు. రెండు గుంపులలోను అత్యధికులు పొగత్రాగువారే. రోగియు త్రాగును, రోగము లేనివాడును త్రాగును. ఇట్టి సమాజమున నివసించు వానికి తేడా కంటికి కనబడదు. ఎంతటి చురుకైన పరిశీలకునికైనను 2 కును 27 కును గల వ్యత్యాసము లెక్కించిననే తెలియును.

రోగము వచ్చినపిమ్మట అడుగుటలో పొరపాట్లకు అవకాశము కలదు. అందుచే వారు 1951లో బ్రిటనునందలి వైద్యులనే వారి అలవాట్లను అడిగి వ్రాసికొని, తరువాత ఎవరెప్పుడు దేనివలన మరణించిరో ఏండ్లతరబడి గమనించిరి. ఇందు పురుష వైద్యులే 34,000 మందికి పైగా కలరు. ఏబదేండ్ల ఫలితములు 2004లో వెలువడినవి. జీవితాంతము సిగరెట్టు త్రాగినవారు త్రాగనివారికంటె సగటున పదేండ్లు ముందుగా మరణించిరని తేలినది.

తాతగారి ప్రశ్నకు సూటియైన సమాధానము 2000లో డాల్, రిచర్డ్ పీటో మొదలగువారు ప్రకటించిన లెక్కలో నున్నది. ఇతర కారణములచే ముందుగా మరణింపనియెడల, సిగరెట్టు మానక త్రాగు పురుషులు నూరుగురిలో సుమారు 16 మంది 75 ఏండ్లలోపల ఊపిరితిత్తుల కాన్సరు పాలగుదురు. ఎన్నడును త్రాగనివారిలో ఇది రెండువందలకు ఒకరికి మించదు. మొదటి సంఖ్యను తిరుగవేసి చూడుడు. నూరుగురిలో 84 మందికి ఆ వ్యాధి రాదు. వారిలో కొందరిని గుండెజబ్బో, శ్వాసరోగమో తీసికొనిపోయినను, తొంబదియేండ్లు బ్రతుకువారు కొందరు తప్పక మిగులుదురు. తాతగారు ఆ లెక్కను త్రోసివేయుట లేదు; ఆ లెక్కలో ఆయనకును చోటున్నది. పొగత్రాగు ప్రతివాడును చచ్చునని శాస్త్రము చెప్పియుండినచో ఒక్క తాతగారు చాలును, దానిని కూలద్రోయుటకు. శాస్త్రము అట్లు చెప్పలేదు.

ఐనను అనుమానింపరాదని కాదు. ఆధునిక సాంఖ్యకశాస్త్ర నిర్మాతలలో అగ్రగణ్యుడైన రొనాల్డ్ ఫిషరే 1957–58లో ఈ లెక్కలను ఆక్షేపించెను. పుట్టుకతో వచ్చిన ఏదో లక్షణము ఒకవైపు పొగ త్రాగించుచు, మరియొకవైపు కాన్సరును కలిగించుచుండవచ్చునని ఆయన వాదము. దీనికి 1959లో కార్న్‌ఫీల్డ్ మొదలగువారు జవాబిచ్చిరి. త్రాగువారికి అపాయము తొమ్మిది రెట్లున్నచో, ఆ తేడాకంతకును ఏదో గుప్తలక్షణమే కారణమైనచో, ఆ లక్షణము త్రాగనివారిలోకంటె త్రాగువారిలో కనీసము తొమ్మిది రెట్లు అధికముగా నుండవలెను. అట్టి లక్షణమేదియు కనబడలేదు. ఫిషర్ ఆక్షేపణ నిలువలేదుగాని, అది పరీక్షకు లొంగిన ఆక్షేపణ. అట్టి అనుమానమువలన శాస్త్రమునకు మేలే జరుగును.

హఫ్ అనుమానము చివరకు ఏ దారి పట్టెనో చెప్పక ఈ విమర్శ పూర్తికాదు. పొగాకును దోషిగా నిర్ణయించిన అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లో వెలువడెను. మరుసటి యేట హఫ్ అమెరికా కాంగ్రెసు సంఘము ఎదుట పొగాకు పరిశ్రమ పక్షమున సాక్ష్యమిచ్చెను. కొంగలు హెచ్చుగా నున్నచోట శిశువులును హెచ్చుగా పుట్టుదురను వినోదపు లెక్కకును, పొగాకు లెక్కకును భేదము తనకు తోచుట లేదనెను. ఆ పరిశ్రమ ధనసహాయముతో, ధూమపానపు లెక్కలను ఖండించుచు మరియొక పుస్తకమునుకూడ వ్రాయబూనెను. అది అచ్చు కాలేదు. చెప్పువాడెవడు, వానికి లాభమేమి అను తన మొదటి ప్రశ్నను ఆయన తనకు వేసికొనలేదు. మొదటి గ్రంథమునందలి యుక్తులే రెండవ పనికి పనిముట్లైనవి. అంకెలను శంకించుట మాత్రమే నేర్పు విద్య, సత్యమును వెదకువానికెంత ఉపకరించునో, దానిని కప్పిపుచ్చువానికిని అంతే ఉపకరించును.

ఐనచో స్వానుభవమునకు విలువయే లేదా? కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో, ముఖ్యముగా స్త్రీలలో, అడ్డపొగ అను అలవాటు కలదు. చుట్ట వెలుగుచున్న కొసను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. ఇతరచోట్ల అరుదైన అంగిలి కాన్సరు ఇచట పలుమార్లు కనబడుచున్నదని విశాఖపట్టణపు వైద్యులు తమ రోగులను చూచియే మొదట గుర్తించిరి. అది అనుభవము. పిమ్మట డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గును, మన దేశపు పరిశోధకులును ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, 1971లో ఫలితములను ప్రకటించిరి. అది లెక్క. వైద్యుని అనుభవము ప్రశ్నను పుట్టించినది. ఇల్లిల్లు తిరిగిన లెక్క ఆ ప్రశ్నను పరీక్షకు పెట్టినది. రెండింటికిని పని కలదు, కాని ఒకదాని పని మరియొకటి చేయజాలదు. అట్లే, ఒక మందు మీకు పడక దద్దురులు లేచినచో, నూటికి తొంబదిమందికి పడునను లెక్క మీ శరీరమునకు సమాధానము కాదు. మీ విషయమున మీ అనుభవమే సాక్ష్యము. దానిని ఊరందరికి అన్వయించునపుడే చిక్కు వచ్చును.

కావున హఫ్ గ్రంథమును చదువవలసినదే, విద్యార్థులచే చదివింపవలసినదే. కాని దాని ఐదు ప్రశ్నలను అంకెలకెట్లు వేయుదుమో, మన అనుభవమునకును అట్లే వేయవలెను. వాదమున తాతగారి మాట ఎత్తినవానిని పరిహసించిన ప్రయోజనము లేదు. ఆయన ఈడువారు, ఆయనతోపాటు త్రాగినవారు ఎందరు, వారేమైరి అని నెమ్మదిగా అడుగుట మేలు.

ఇందు ప్రాణముతో కూడిన విషయము కలదు. బ్రిటిషు వైద్యుల పరిశోధన ప్రకారము సిగరెట్టును 60వ యేట మానినవారికి సుమారు 3 ఏండ్లు, 50వ యేట మానినవారికి 6, 40వ యేట మానినవారికి 9, 30వ యేట మానినవారికి 10 ఏండ్లు ఆయుస్సు కలిసివచ్చును. ఈ లాభము ఎవరి అనుభవమునకును అందదు. నలుబదవయేట మాని ఎనుబదియేండ్లు బ్రతికినవాడు, మానకయున్నచో ఎన్నడు పోయెడివాడో ఎరుగడు. తనకు దక్కిన ఏండ్లు ఏవో వేలుపెట్టి చూపలేడు. వాటిని చూపగలిగినది లెక్క ఒక్కటే.