మళ్లీ రాయయ్యే సున్నం

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లినవాళ్లు గుమ్మటాల ఎత్తు చూసి ముచ్చటపడతారు. నా చూపు మాత్రం గుమ్మటం మొదట్లో చుట్టూ విచ్చుకున్న రేకుల దగ్గరే ఆగిపోతుంది. కట్టడం గ్రానైటుది. ఆ కరకు రాయి మీద ఇంత నునుపు, ఇంత వంపు తెచ్చింది సున్నపు గచ్చు. బడి పుస్తకంలో మూడు సమీకరణాలతో ముగిసిపోయే పదార్థం ఇదే.

మొదటిది బట్టీలో జరుగుతుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వాయువై వెళ్లిపోతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే పొడిసున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ గాలిపాలే. రెండోది నీళ్ల తొట్టిలో. పొడిసున్నం మీద నీళ్లు పోయగానే బుసబుసమంటూ పొగలు కక్కి, పిగిలి, తడిసున్నమవుతుంది. ఇది గట్టి క్షారం. చేతులు పొక్కుతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు.

అసలు పనితనం ఇక్కణ్ణుంచే. మంచి మేస్త్రి తడిసున్నాన్ని వెంటనే వాడడు, నీళ్లలో మగ్గనిస్తాడు. పైన నీరు నిలిచి ఉన్నంతకాలం గాలి తగలదు కాబట్టి సున్నం గట్టిపడదు. పైగా నానేకొద్దీ రేణువులు సన్నబడి వెన్నలా సాగుతుంది. తర్వాత ఇసుక కలిపి గానుగలో వేసి నూరుతారు. అదే డంగు సున్నం. కరక్కాయ నానబెట్టిన నీళ్లూ, బెల్లం నీళ్లూ కలపడం మన దగ్గర పాత పద్ధతి. బెల్లం సంగతి ఉత్త నమ్మకమేమీ కాదు: ఉత్త నీళ్లలో చాలా కొద్దిగానే కరిగే సున్నం, చక్కెర ఉన్న నీళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ కరుగుతుంది. ఈ లెక్క పుస్తకంలో చదవకుండానే చేతికి తెలిసినవాళ్లు ఆ మేస్త్రులు.

మూడో సమీకరణం గోడ మీద. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గచ్చులోని తేమలో కరిగి బలహీనమైన ఆమ్లమవుతుంది, క్షారమైన సున్నంతో కలిసి తిరిగి సున్నపురాయి అవుతుంది. బట్టీలో పోగొట్టుకున్న వాయువునే గోడ మళ్లీ గాలి నుంచి రాబట్టుకుంటుందన్నమాట. అయితే తేమ లేకపోతే ఈ పని సాగదు, తేమ మరీ ఎక్కువైతే గాలి లోపలికి దూరదు. అందుకే పలచని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఎడం, ఎండ దెబ్బ తగలకుండా తడి గోనెపట్టాలు. తొందరపడి మందంగా మెత్తితే పైన పెచ్చు కడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. కొత్త గచ్చు ముక్కను విరిచి ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ఈ నడక కంటికే కనిపిస్తుంది: రాయిగా మారిన పైభాగం రంగు మారదు, ఇంకా క్షారంగా ఉన్న లోపలి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ గులాబీ గీత లోపలికి జరగడానికి నెలలు, మందాన్ని బట్టి ఏళ్లు కూడా పడతాయి.

ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో కుతుబ్‌షాహీ సమాధుల మీద సిమెంటు పూశారు. సిమెంటు గట్టిదే, కాదనను. కానీ లోపల చేరిన తేమను బయటికి పోనివ్వదు. పాత సున్నపు కట్టడానికి అది మందు కాదు, జబ్బు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో ఆ సిమెంటు ఒలిచి మళ్లీ సున్నమే పూశారు. నా దృష్టిలో ఆ పనిలో అన్నిటికన్నా మెచ్చుకోదగ్గ నిర్ణయం అదే.

మీ ఊళ్లో పాత గుడికో, మసీదుకో, కోట గోడకో మరమ్మతు తలపెడితే, సిమెంటు బస్తాలు దిగకముందే సున్నం పని తెలిసిన మేస్త్రిని పిలిపించమని గట్టిగా అడగండి.