అర్థము తెలిసిన ప్రార్థన

మా శిష్యుడొకడు కతోలిక మతస్థుడు. కొన్నియేండ్ల క్రిందట తన వివాహమునకు మమ్ము పిలిచెను. దేవాలయమున మేము వెనుక వరుసలో కూర్చుంటిమి. వరుని నాయనమ్మ మా ప్రక్కనే యుండెను. ఆమెకు చదువు రాదు. అయినను గురువు పలికిన మాటలకు జనులు చెప్పవలసిన మారుమాటలన్నియు పుస్తకము లేకయే, తడబడక చెప్పుచుండెను. వధూవరులు ఒండొరులకు చేసిన ప్రమాణము విని కన్నులు తుడుచుకొనెను. ఆ ప్రమాణము తెలుగున జరిగినది. మా వివాహమున మేము చేసిన ప్రమాణముల యర్థము, సంస్కృతము చదివినవారమగుటచే మాకు తెలిసినది గాని, ప్రక్కన కూర్చున్న వధువునకు తెలియలేదు. ఆ సంగతి ఆమెయే పిమ్మట మాతో చెప్పినది.

అర్థము తెలియని ప్రార్థనకు విలువ యున్నదా యను ప్రశ్న మనది మాత్రమే కాదు. కతోలిక శ్రీసభ ఈ ప్రశ్నను రెండవ వాటికన్ మహాసభలో బహిరంగముగా చర్చించి తీర్పు చెప్పినది. ఆ తీర్పును, దాని ఫలితమును పరిశీలించుట మనకును ప్రయోజనకరమని తలచి ఈ విమర్శ వ్రాయుచున్నాము.

లాటిను పూజాభాష యెట్లయినదో మొదట చూడవలెను. తొలినాళ్ల రోమునగర క్రైస్తవులు గ్రీకున ప్రార్థించుచుండిరి. పిమ్మట జనుల వాడుక లాటిను కాగా, నాలుగవ శతాబ్దినాటికి పూజయు లాటినునకు మారెను. అనగా లాటిను పూజలోనికి వచ్చినది అది దైవభాష యగుటచేత గాదు, జనులకు తెలిసిన భాష యగుటచేత. కాలక్రమమున జనుల నోట లాటిను ఇటాలియనుగా, ఫ్రెంచిగా, స్పానిషుగా మారిపోయినను, బలిపీఠమునొద్ద మాత్రము పాత లాటినే నిలిచినది. పదునారవ శతాబ్దమున లూథరు మొదలగువారు దేశభాషలలో ఆరాధన ప్రారంభింపగా, ట్రెంటు మహాసభ 1562లో పూజను అంతటను దేశభాషలో జరుపుట యుక్తము కాదని తీర్మానించెను. అయినను, గురువులు పూజార్థమును జనులకు తరచుగా విప్పిచెప్పవలెనని ఆ సభయే యాజ్ఞాపించినది. మొదటి మాటను జగమెల్ల పాటించినది; రెండవ మాటను పాటించినవారు తక్కువ. 1570లో ఐదవ పయసు పోపు ప్రకటించిన పూజాగ్రంథము, చిన్న మార్పులతో, దాదాపు నాలుగువందల యేండ్లు నడచినది.

1962 ఫిబ్రవరిలో ఇరువదిమూడవ జాను పోపు లాటినును గొప్పగా శ్లాఘించుచు ఒక శాసనము వెలువరించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఆయనయే మహాసభను ప్రారంభించెను. 1963 డిసెంబరు 4న ఆరాధనవిధిని గూర్చిన శాసనము 2,147 సమ్మతులతో నెగ్గినది, వ్యతిరేకించినవారు నలుగురే. పూజలో జనులు సంపూర్ణముగా, తెలిసి, చురుకుగా పాల్గొనవలెననియు, అది జ్ఞానస్నానమువలన వారికి సంక్రమించిన హక్కును ధర్మమును ననియు ఆ శాసనము చెప్పుచున్నది. హక్కు అను మాట గమనింపదగినది. అర్థము తెలియుట గురువు పెట్టు భిక్షము కాదు, భక్తునికి చెందిన సొత్తు.

అయితే ఆ శాసనమున లోపము లేకపోలేదు. లాటినును నిలుపవలెనని ఒక వాక్యము, మాతృభాషకు ఎక్కువ తావీయవచ్చునని వేరొక వాక్యము అందు ప్రక్కప్రక్కనే యున్నవి. గ్రెగోరియను గానమునకు అగ్రస్థానమీయవలెనని మరియొకచోట నున్నది. ఆచరణమున నేమైనది? 1965 మార్చి 7న ఆరవ పౌలు పోపు రోమునగరమున ఒక విచారణ దేవాలయములో ఇటాలియను భాషలో పూజ చేసెను. 1969లో క్రొత్త పూజాగ్రంథము వెలువడెను. కొలదికాలములోనే విచారణలలో లాటిను వినబడుట అరుదయ్యెను. ఆ గానమును దానితోనే మరుగుపడెను. రెండింటిని నిలుపుదుమని చెప్పి ఒకదానిని విడిచిన సంస్కర్తలను, మాట తప్పినవారని పూర్వాచారపరులు నిందించుటకు అవకాశమేర్పడినది.

ఆ నిందను మేము తేలికగా త్రోసివేయజాలము. 1971లో ఇంగ్లండునుండి పాత పూజను కాపాడుమని పోపునకు పంపిన విన్నపముపై అగాథా క్రిస్టీ మొదలగు పేరుపొందిన రచయితలు, కళావేత్తలు వ్రాలుచేసిరి. వారిలో కతోలికులు కానివారు అనేకులు. పోపు ఆ దేశమునకు పరిమితముగా అనుమతినిచ్చెను. 2007లో పదునారవ బెనెడిక్టు పోపు పాత పూజకు విరివిగా స్వేచ్ఛ నొసగెను; ఆ స్వేచ్ఛను విభేదములు పెంచుటకు వాడుచున్నారని ఫ్రాన్సిసు పోపు 2021లో దానిని మరల కట్టుదిట్టము చేసెను. పూర్వాచారపరుల వాదమిది: లాటిను దేశదేశముల భక్తులను ఏకముచేయును, గురువు తన యిష్టము వచ్చినట్లు మాట మార్చుటకు వీలీయదు, తెలియని శబ్దమునందును ఒక గంభీరత కలదు.

ఈ వాదము మనకు క్రొత్తది కాదు. మంత్రములకు అర్థమే లేదని కౌత్సుడు వాదించెనని యాస్కుడు నిరుక్తమున చెప్పి, గ్రుడ్డివాడు స్తంభమును చూడజాలకపోయినచో అది స్తంభము తప్పు కాదని ఉత్తరమిచ్చెను. ఉత్తరము చక్కనిదే. కాని సంస్కర్త అడుగవలసిన ప్రశ్న ఇంకొకటి యున్నది: ఆ గ్రుడ్డితనము పుట్టుకతో వచ్చినదా, చదువు నిరాకరించుటచే కల్పింపబడినదా? మా వధువునకు మంత్రార్థము తెలియకపోవుట ఆమె లోపము కాదు, ఆమెకెవ్వరును చెప్పలేదు. కావున మహాసభ చేసిన నిర్ణయము న్యాయమైనదని మా యభిప్రాయము.

భాష మార్చినంతమాత్రమున పని ముగియదు. ఆంగ్లమున 1973లో వాడుకకు వచ్చిన అనువాదము సులభమైనది. మూలపదమును విడువక అనువదింపవలెనని 2001లో రోమునుండి నియమము రాగా, 2011లో క్రొత్త అనువాదము ప్రవేశపెట్టిరి. విశ్వాససంగ్రహములో తండ్రికుమారుల యేకత్వమును తెలుపుచోట సామాన్యమైన మాటలు తీసివేసి, లాటిను పదమునకే ఆంగ్లవేషము వేసిరి. మన వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న అది తత్సమము. తెలుగు కతోలికుల వాడుకలో దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము మొదలగు మాటలు కలవు. ఇవి అందమైన సమాసములే. సంస్కృతము చదివిన మా చెవికి ఇంపైనవే. కాని తెలుగు కతోలికులలో పెక్కుమంది దళిత కుటుంబములవారు. వారి పూర్వులకు సంస్కృతపు బడితలుపులు మూసియుండెను. లాటినును తొలగించి ఆ స్థానమున సంస్కృతమును కూర్చుండబెట్టినచో, గోడ కూలలేదు, రంగు మాత్రమే మారినది. ఈ మాటలను విడువుమని మేము చెప్పము. తరతరముల వాడుకచే అవి జనుల సొత్తైనవి. వానిని పిల్లలకు విప్పిచెప్పు బాధ్యతను విడువరాదనియే మా మనవి.

వేరొక సంగతి. పూజ అందరికిని తెలిసిన భాషలో జరిగినను, పూజానంతరము కులభేదము మిగిలియున్నచో ఆ తెలియుట దేనికి? శ్రీసభలో దళితులకు వివక్ష జరుగుచున్నదని భారతదేశపు కతోలిక పీఠాధిపతులు 2016లో తమ విధానపత్రమున స్వయముగా నొప్పుకొనిరి. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినలు పదవి నందిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి నందిన మొదటివారు వారే. ఇది సంతోషింపదగినదే, కాని ఒకరు పీఠమెక్కుటచే ఊరి శ్మశానమునందలి హద్దురాయి తనంతట తాను కదలదు. తెలిసి పాల్గొనుట యన్న మహాసభ మాటకు ఇదియే కడపటి పరీక్ష.

ఇతరుల యింటిని విమర్శించి మన యింటిని విడుచుట తగదు. వచ్చు మాఘమున మా కుమార్తె వివాహము. ప్రతి మంత్రమునకును తెలుగున అర్థము చెప్పుడని పురోహితులవారిని వేడుకొంటిమి. ముహూర్తము మించునని వారనిరి. వారి మాటయు నిజమే. తుదకు, ముందునాటి సాయంకాలము వధూవరులను, పెద్దలను కూర్చుండబెట్టి సప్తపది యర్థమును విప్పిచెప్పుట కొప్పుకొనిరి. శిష్యుని నాయనమ్మ పుస్తకము లేకుండ చెప్పిన మారుమాటలు ఒక్కనాట వచ్చినవి కావు. ఆదివారము తరువాత ఆదివారము, తెలిసిన మాటనే మరల మరల పలుకగా వచ్చినవి. పూర్వాచారపరులు కోరు స్థిరత్వమును, సంస్కర్తలు కోరు అర్థమును ఆమె నోట ఒక్కటైనవి. మాఘమునకు ముందు ఒక్క సాయంకాలము మాత్రమే మాకు దొరకినది. అంతమాత్రము చాలదని యెరుగుదుము. అయినను మా యింటి వధువు ఈసారి తానేమి ప్రమాణము చేయుచున్నదో తెలిసి చేయును.